ఫ్యామిలీ డాక్టరు చదువు ఎక్కడ చదవాలి?



నాట్లు ముగిసిన తరువాత దివిసీమ నుండి ఒక సహోదరుడు కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసింది. ఆ చదువు కొరకు పెట్టిన ఎకరం పొలం ఇంకా తాకట్టులోనే ఉంది. ఇప్పుడు ఆమె ఫ్యామిలీ మెడిసిన్‌లో పి.జి. చేస్తానంటున్నది. తండ్రికి మనసొప్పడం లేదు.

"అన్ని జబ్బులూ మా ఊరి ఆర్.ఎం.పి. కూడా చూస్తున్నాడు గదండీ అయ్యగారూ! దానికి మరో మూడేళ్లు ఎందుకు?" అన్నారు.

మాకు నవ్వు రాలేదు. ఆయన మాటలో తాకట్టు పొలం ఉన్నది. అమ్మాయే జవాబు చెప్పింది. 2018లో దివిసీమలో వరుసగా పాముకాట్లు జరిగి, జనం ఒకరి వెంట ఒకరు అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చిన రోజులు గుర్తుచేసింది. "నాన్నా, రక్తాన్ని గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. కట్లపామైతే ఊపిరి కనిపెట్టి ఉండాలి. ఎవరిని ఇక్కడ ఉంచాలో, ఎవరిని వెంటనే విజయవాడ పంపాలో తెలియాలి. ఆ చదువే ఇది" అన్నది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ మాకు జ్ఞాపకం వచ్చారు.

ఇక సీటు సంగతి. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎం.డి. సీట్లు దేశంలో తక్కువ. కోళిక్కోడు వైద్య కళాశాల ముందుగా మొదలుపెట్టిన చోట్లలో ఒకటి. ఎక్కువమందికి దొరికేది జాతీయ పరీక్షల బోర్డువారి డి.ఎన్.బి. అది ఆసుపత్రులలో ఉండి నేర్చుకొనే చదువు. రెండూ మూడేళ్లే. కమ్యూనిటీ మెడిసిన్ అనే మరొక చదువు ఉన్నది, అది ప్రజారోగ్యం వైపు పోతుంది. కొన్నిచోట్ల రెండు పేర్లూ కలిపి ఒకే విభాగంగా నడుపుతారు. గనుక చివరకు చేతికి వచ్చే డిగ్రీ ఏమిటో చేరకముందే అడగాలి.

ఆసుపత్రి పేరు చూసి చేరితే పొరపాటవుతుంది. పల్లెలో పనిచేయాలనుకొనే పిల్ల, కాన్పులు బాగా జరిగే చోటు, పిల్లల వార్డు, రాత్రింబవళ్లు నడిచే అత్యవసర విభాగం ఉన్న చోటు వెదకాలి. ఫ్యామిలీ మెడిసిన్‌కు సొంతంగా ఓ.పి., నేర్పే గురువు ఉన్నారా అన్నది అన్నిటికంటె ముఖ్యం. లేని చోట మూడేళ్లూ ఏదో ఒక వార్డులో మనుషుల కొరత తీర్చడానికే సరిపోతాయి. మాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే పెద్ద భవనాన్ని చూసి చేరాడు. చదువు ముగిసేనాటికి సొంతంగా చేసిన కాన్పులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పర్యవేక్షకులను అడిగితే అన్నీ బాగున్నాయనే చెబుతారు. అక్కడ రెండవ, మూడవ సంవత్సరంలో ఉన్నవారిని అడిగి, వారి లాగ్‌బుక్కు చూపించమనాలి. ఎవరు ఏ పని ఎన్నిసార్లు చేశారో అందులో తెలుస్తుంది.

బోధనలోకి వెళ్లాలనుకొనేవారి దారి వేరు. వారికి వైద్య కళాశాలలోని ఎం.డి. మేలు.

సంపాదన గురించి కూడా ఆయన అడిగారు. స్కానింగ్ డాక్టరుకు వచ్చినంత ఇందులో రాదు. వస్తుందని చెబితే మేము అబద్ధమాడినట్టే. అమ్మాయికి ఆ సంగతి తెలుసు.

వెళ్లేటప్పుడు తండ్రి గుమ్మం దగ్గర ఆగి, "తాకట్టు విడిపించడానికి ఎన్నేళ్లు పడుతుందండీ?" అన్నారు. చదివే మూడేళ్లూ స్టైపెండు వస్తుందనీ, ఆ పైన లెక్క తండ్రీకూతుళ్లిద్దరూ కూర్చుని వేసుకోవలసిందనీ చెప్పాము. అవనిగడ్డ బస్సుకు వేళ కావడంతో బయలుదేరారు. మూడు ఆసుపత్రుల పేర్లు వ్రాసుకొన్న కాగితం ఈసారి ఆయన జేబులోనే ఉన్నది.