శ్రుతి మన చేతిలో ఉండాలి

దూరదర్శన్ రోజుల్లో డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ, ‘బొమ్మ వచ్చిందా?’ అని కిందికి అరవడం మా ఇంట్లో నా పని. దాని కడ్డీల పొడవు అందుకోవలసిన తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉండాలని చాలాకాలం తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే సూత్రం, కంటికి ఆననంత చిన్నదై, దేశ భద్రతకు పనికొచ్చేలా ఉంది.

రాత్రివేళ నియంత్రణ రేఖ దాటే చొరబాటుదారుణ్ని పట్టిచ్చేది అతడి ఒంటి వేడే. అది పరారుణ కిరణాలుగా, ముఖ్యంగా 9-10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ వెలువడుతుంది. 8 నుంచి 12 మైక్రోమీటర్ల మధ్య కిరణాలను గాలి పెద్దగా అడ్డుకోదు. వాటిని ఒడిసిపట్టే నానో యాంటెన్నా అంటే కొద్ది మైక్రోమీటర్ల పొడవున్న బంగారు కడ్డీ. పొడవు పెంచితే దాని అనునాదం పెద్ద తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. తగ్గిస్తే చిన్నదాని వైపు. కింద సిలికాన్ ఉంటే ఇంకా పొట్టి కడ్డీ సరిపోతుంది. రెండు కడ్డీల మధ్య సన్నని సందు వదిలితే శక్తి అక్కడ పోగుపడుతుంది. చిన్న డిటెక్టరుకైనా, విషవాయువును పసిగట్టే సెన్సరుకైనా ఆ సందే ఆయువుపట్టు.

చిక్కంతా శ్రుతిలోనే. పొడవు పదో వంతు తప్పితే అనునాదమూ దాదాపు అంతే తప్పుతుంది. పరిశోధన పత్రానికి నాలుగు మంచి కడ్డీలు చాలు. సైన్యానికి లక్షలాది కడ్డీలు ఒకే కొలతలో కావాలి. అవి రాజస్థాన్ ఎండకూ, సియాచిన్ మంచుకూ తట్టుకోవాలి.

కొనుక్కుంటే పోదా అంటారా? థర్మల్ కెమెరాల ఎగుమతిపై వాసెనార్ ఒప్పందం కింద నియంత్రణలున్నాయి. 2017లో మనమూ అందులో చేరాం. కానీ సభ్యత్వం సరఫరాకు హామీ కాదు. అమెరికా నిబంధనల్లో సెకనుకు 9 చిత్రాలకు మించని కెమెరాలకు కొంత సడలింపు ఉంది. వేగంగా కదిలే లక్ష్యానికి ఆ వేగం చాలదు.

మనకు తెలివి కొరత లేదు. డెహ్రాడూన్‌లో డీఆర్‌డీఓ వారి ఐఆర్‌డీఈ, బెంగళూరు ఐఐఎస్సీలో నానో ఫ్యాబ్, మచిలీపట్నంలో రాత్రి చూపు పరికరాలు చేసే బెల్ ఉన్నాయి. ప్రయోగశాలలో పుట్టింది కర్మాగారం దాకా చేరే దారి వేయాలి. సెమీకండక్టర్ల కోసం 2021లో ప్రకటించిన రూ.76,000 కోట్ల పథకం వంటి వాటిలో పరారుణ పరికరాల తయారీకి స్పష్టమైన వాటా ఉండాలని నా అభిప్రాయం. కొలతలు తప్పకుండా పదేపదే తయారు చేయగలవారికే ఆ సొమ్ము అందాలి.

యాంటెన్నా తిప్పే పని పరాయివాళ్లకు అప్పగిస్తే, బొమ్మ ఎప్పుడు పోవాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు.