పాత చలనచిత్రములు ఇంటింటికి చేరవలెను

కృష్ణా జిల్లా మెట్టప్రాంతమని పేరుగన్న జగ్గయ్యపేట, నందిగామ సీమలో వత్సవాయి యొక గ్రామము. అట్టి గ్రామములలో పాత తెలుగు చిత్రములనిన చెవి కోసికొను పెద్దలు నేటికిని కలరు. వారి కోరిక పెద్దదేమియు కాదు. చిన్ననాడు టూరింగు టాకీసు డేరాలో నేలపై కూర్చుండి చూచిన చిత్రమును, ఇప్పుడు తమ యింట మనుమలతో గూడి, మొదటినుండి తుదివరకు, ఒక్క పద్యమైనను జారిపోకుండ చూడవలెనని మాత్రమే.

2022 ఏప్రిల్ 4వ తేదీన వత్సవాయి మండలము కృష్ణా జిల్లానుండి వేరుపడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లాకు పేరైన ఆ నటుని తొలి చిత్రము 1949లో వెలువడిన 'మనదేశం'. జిల్లా పేరును దినదినము వ్రాయు విద్యార్థికి ఆ కాలపు చిత్రములను చూడవలెనని బుద్ధి పుట్టినచో ఏమి చేయవలెను? సెల్‌ఫోనులో వెదకవలెను. అందు దొరకు ప్రతులు పెక్కింటిలో ముఖములు మసకగానుండును, మాట తెలియదు, నడుమ నడుమ ప్రకటనలు వచ్చును. ఎచ్చట ఎంత భాగము కత్తిరింపబడినదో చెప్పువారుండరు. చూచిన బాలుడు పాత చిత్రములన్నియు ఇట్లే యుండెడివి కాబోలునని తలచును. ఆ చిత్రములకు ఇంతకంటె అన్యాయము లేదు.

వీడియో కేసెట్లు వచ్చినపుడును, తరువాత వీసీడీలు, డీవీడీలు వచ్చినపుడును అభిమానులు ఎంతయో ఆశపడిరి. 'పాతాళభైరవి', 'మాయాబజార్', 'గుండమ్మకథ' వంటివి మరల మరల అంగడికి వచ్చెను. పేరు తగ్గినవి వెనుకబడెను. అంతలో బిళ్ళలమ్ము దుకాణములే మూతపడుచు వచ్చెను.

పుస్తకమువలె చలనచిత్రము అటకపై పడియుండి బ్రదుకునది కాదు. 1950 ప్రాంతమువరకు చిత్రములను నైట్రేటు ఫిలిముపై తీసెడివారు. అది నిప్పు సోకిన భగ్గున మండును. ఊరక యుంచినను కాలక్రమమున పొడియగును. తరువాతి అసిటేటు ఫిలిము అంత సులభముగ మండదు గాని, వేడికిని తేమకును చెడి పులిసిన వాసన కొట్టి ముడుచుకొనిపోవును. ఇవి చాలవన్నట్లు, ఫిలిములోని వెండికొరకు పాత చిత్రములను కరగించినవారును కలరు. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' నేడు చూచుటకు లేదు. తొలి టాకీయే లేని భాషవారు మిగిలినవానిని గూర్చి ఎంత జాగ్రత్త పడవలెను!

పూనా నగరమున 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది కదా, అచ్చట భద్రముగా నుండునని కొందరందురు. ఆ సంస్థ చేసిన మేలు మరువరానిది. కాని 2003లో అదే నగరమున ఫిలిం ఇన్‌స్టిట్యూటు ఆవరణలోని గిడ్డంగి అంటుకొని ఎన్నో నైట్రేటు చిత్రములు బూడిదయయ్యెను. ఒక్కచోట దాచిన సొత్తుకు ఒక్క నిప్పురవ్వ చాలును.

మన కావ్యములు ఎట్లు దక్కినవో చూడుడు. నన్నెచోడుని 'కుమారసంభవము' శతాబ్దములు కనుమరుగైయుండి, మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటింపగా లోకమునకు తెలిసెను. ఎచ్చటనో యొక తాళపత్రప్రతి మిగిలి యుండబట్టియే కదా! వేమన పద్యములో, ఊరూర ఇంటింట వ్రాతలో, నోటిలో నిలిచియుండెను. అందువలననే బ్రౌను దొర వానిని సేకరించి 1829లో అచ్చువేయింపగలిగెను. ఒకటి అదృష్టమువలన మిగిలినది. ఇంకొకటి జనుల చేతులలో నుండుటవలన మిగిలినది. ఆ వేమననే చిత్తూరు నాగయ్య 1947లో తెరపై చూపెను. ఆ 'యోగివేమన'ను వేమన పద్యములవలె ఇంటింట నుంచుకొను అవకాశము కలుగుట న్యాయము కాదా?

ఖర్చెవరు పెట్టుదురు, కొనువారెవరు అని హక్కుదారులడుగుదురు. ఆ ప్రశ్నను తీసివేయరాదు. ఒక్క చిత్రమును చట్రము చట్రముగా శుభ్రపరచుట మిగుల వ్యయముతో గూడిన పని. అయినను సాధ్యమే. సత్యజిత్ రాయ్ తీసిన అపు చిత్రత్రయపు నెగెటివులు 1993లో లండనులో కాలి కమిలిపోయెను. మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యాలో బాగుచేసి, ఇతర ప్రతులనుండి లోపము పూరించి, 2015లో మరల విడుదల చేసిరి. తరువాత అవి గృహములకును చేరెను. చూచువారు లేరను మాటయు నిజము కాదు. 2024లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిలిం హెరిటేజ్ ఫౌండేషను 'దేవదాసు', 'మిస్సమ్మ' మున్నగు చిత్రములను పలు పట్టణముల థియేటర్లలో ప్రదర్శించెను. అయితే ఆ ఉత్సవము మూడు దినములు; అదియు పట్టణములకే.

మన చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లుండును. ఆ లెక్కన 1963 నాటి 'లవకుశ' హక్కు 2023తో తీరినది. పాటల రచనకు, సంగీతమునకు లెక్క వేరు. ఏమైనను, చట్టము విడిచినంత మాత్రమున చిత్రము ఇల్లు చేరదు. మంచి ప్రతి ఎవరి బీరువాలో నున్నదో వారిదే పైచేయి. అందుచేత ప్రభుత్వము పూనుకొని, హక్కుదారులకు తగిన సొమ్ము చెల్లించి ప్రతులు తీయించుట అవసరము.

తీయించునపుడు మరియొక జాగ్రత్త వలయును. 'మాయాబజార్'కు రంగులు వేసి 2010లో విడుదల చేసిరి. క్రొత్తతరము వారును థియేటరుకు వచ్చి చూచి సంతోషించిరి, అది మంచిదే. కాని అందు కొన్ని పాటలు, పద్యములు కుదింపబడెను. 1957 నాటి ప్రేక్షకుడు విన్న పద్యమును నేటి బాలుడు వినకుండుట ఎందుకు? రంగుల ప్రతి ఉండవచ్చును. దాని ప్రక్కనే నలుపుతెలుపుల మూలము నిండుగా నుండవలెను. 'అసమదీయులు', 'తసమదీయులు' అని పింగళి నాగేంద్రరావు కల్పించిన మాటలను ఇంటింట పలుకుచున్నాము. అవి పుట్టిన సన్నివేశమును నిండుగా చూపలేమా?

ప్రతి శాఖా గ్రంథాలయమున నూరు పాత చిత్రముల నిండుప్రతులుంచి, పుస్తకమువలె ఇంటికిచ్చుట మొదటి మెట్టు. ప్రతిదానితో పద్యములు, పాటలు అచ్చువేసిన చిన్న పుస్తకముండవలెను. చిత్రమున ఏ భాగమైన దొరకనిచో, ఆ సంగతి అట్టపైననే వ్రాయవలెను.