పెళ్ళికూతురు మోసిన భాష

ప్రవాసాంధ్రుల సంభాషణల్లో ఒక ఆవేదన తరచుగా వినవస్తున్నది. బాల్యంలో వీధికొక టీవీ ఉండేదనీ, దాని ముందు ఇరుగుపొరుగు అంతా ఒక్క కుటుంబంలా కూర్చునేవారనీ, నేడు అరచేతిలోని తెర మనుషులను విడదీసి, చివరకు జీవిత భాగస్వామి ఎంపికను సైతం వేలితో పక్కకు నెట్టే ఆటగా మార్చివేసిందనీ ఆ ఆవేదన సారాంశం. పిల్లలకు తెలుగు రాకపోవడాన్ని కూడా ఈ కొత్త మాధ్యమాల ఖాతాలోనే వేస్తున్నారు. ఈ వాదనలో జ్ఞాపకపు తీపి ఉన్నది గాని, చరిత్ర లేదు. ఆంధ్రదేశానికి వెలుపల, రైలు పట్టాల వెంట పెరిగిన తెలుగువారి విషయంలోనైతే ఇది పూర్తిగా తలకిందుల వాదన.

ఛత్తీస్‌గఢ్‌లోని కోటాను తీసుకుందాం. పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడిన రాజస్థాన్ కోటా కాదిది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే మార్గంలో, కలచురుల రాజధాని రతన్‌పూర్‌కు చేరువలో ఉన్న చిన్న పట్టణం. స్టేషను బోర్డు మీద పేరు కోటా కాదు, కర్గీ రోడ్. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన తరువాత దాని మార్గాల వెంట ఉత్తరాంధ్ర నుంచి వేలాది కుటుంబాలు తరలివెళ్ళాయి. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా ఖరగ్‌పూర్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ చిన్నాచితకా స్టేషన్లలోనూ స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్, విజయనగరం మధ్య రైలుమార్గం పూర్తికావడంతో సొంత ఊరికి రాకపోకలు సులభమయ్యాయి.

ఆ రాకపోకల్లో అత్యంత ముఖ్యమైనది పెళ్ళి ప్రయాణం. కాలనీలో పుట్టిన కుర్రవాడు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరుగుతాడు. ఇంట్లో విన్న తెలుగు అతని నోట సగానికి సగం అరిగిపోతుంది. పెళ్ళీడు రాగానే పెద్దలు బొబ్బిలి వైపో, పలాస వైపో సంబంధం చూస్తారు. కోడలు వస్తుంది. ఆమెకు హిందీ రాదు. తన ఊరి యాసతో, సామెతలతో, శాపనార్థాలతో సహా తెలుగును ఆమె ఆ రెండు గదుల క్వార్టర్లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఆమె బిడ్డలకు అది మాతృభాష అవుతుంది. మరుసటి తరంలో మళ్ళీ అరుగుదల, మళ్ళీ మరొక కోడలు. రైల్వే ఆంధ్రుల తెలుగు నిలబడింది సంఘాల తీర్మానాల వల్ల కన్నా ఈ కోడళ్ళ వల్లనే. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిలు జీతం లేని ఉపాధ్యాయులుగా ఒక జాతి భాషను మోశారు. వారిలో ఎందరికి ఆ ఒంటరితనం ఇష్టమైనదో ఎవరూ అడగలేదు.

ఇక ఆ టీవీ సంగతి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు విద్యాప్రసారాల ప్రయోగం జరిగింది. అందులో నాటి మధ్యప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంత గ్రామాలూ ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఒకే దృశ్యానికి రెండు భాషల శబ్దాన్ని జతచేసి పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉండేది. తెలుగు, కన్నడ గ్రామాలకు అది ఉపయోగపడింది. ఆ ప్రయోగం పల్లెలకోసం ఉద్దేశించినది, రైల్వే కాలనీల కోసం కాదు. అయినప్పటికీ ఒక సంగతి ఆనాడే రుజువైంది: ఒకే తెరకు రెండు మాతృభాషలు ఉండడం సాంకేతికంగా అసాధ్యం కాదు. ఆ తరువాత దేశం ఎంచుకున్న దారి వేరు. 1982 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం దేశమంతటా విస్తరించింది. 1987 జనవరిలో మొదలైన ఆదివారం రామాయణం ముందు కాలనీ అంతా కూర్చున్న మాట నిజమే. కాని ఆ రాముడు తెలుగు కోడలితో ఆమె భాషలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఈటీవీ, జెమినీ వచ్చింది 1995లో. అవి ఇంట్లోకి రావడం కేబుల్ వాని దయ. ప్రవాసి ఈనాడు తలచుకొని కన్నీరు పెట్టుకొనే ఆ టీవీ అతని తల్లిని మూగదాన్ని చేసింది.

ఇప్పుడు అదే కుర్రవాడు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, సంబంధాల వెబ్‌సైట్‌లో తన వివరాలు నింపుతాడు. అక్కడ మాతృభాష అన్న గడి ఉన్నది. ‘తెలుగు’ అని ఎంచుకుంటాడు. చదవగలరా, రాయగలరా అన్న ప్రశ్న తరువాతి మాట. కులం గడి మాత్రం పక్కనే సిద్ధంగా ఉంటుంది. భాష ఆ వరుసలో కులానికి తోకగా మిగిలింది. ఇది మెచ్చుకోదగినది కాదు. 2012లో అమెరికాలో మొదలైన టిండర్ వంటి పరిచయ యాప్‌లు ముందుగా అడిగేది ఇద్దరి మధ్య ఎన్ని మైళ్ళ దూరమని. అయినా నేరం ఈ యాప్‌ది కాదు. అమ్మాయి తనకు నచ్చినవాణ్ణి తానే వెతుక్కుంటున్నది, కోటాలో తెలుగును బతికించడానికి ఆమె ఇక పెళ్ళి చేసుకోదు. చేసుకోవాలని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇన్నాళ్ళూ ఆమె భుజాన ఉన్న బరువు ఎవరిది అన్నదే అడగవలసిన ప్రశ్న.

సమాధానం రాజ్యాంగంలోనే ఉన్నది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను 350-ఏ అధికరణం రాష్ట్రాల మీద, స్థానిక సంస్థల మీద ఉంచింది. తరగతిలో 10 మంది గాని, బడిలో 40 మంది గాని ఉంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలోనే ఆమోదం పొందింది. బిలాస్‌పూర్ వంటి పెద్ద కేంద్రానికి ఈ లెక్క సరిపోవచ్చు. కోటా వంటి స్టేషనులో 40 మంది తెలుగు పిల్లలు ఎక్కడ దొరుకుతారు? గుమాస్తా నలుగురిని లెక్కించి, దస్త్రం మూసివేస్తాడు. నిబంధన ప్రకారం అతడు చేసింది తప్పు కాదు కూడా.

బడి చేరలేని ఆ నలుగురి కోసమే ప్రసార మాధ్యమం ఉండాలి. ప్రసార భారతి ఉచిత డీటీహెచ్ సేవలో సప్తగిరి, యాదగిరి చానళ్ళు కోటా పైకప్పు మీది చిన్న పళ్ళెంలోనూ పడతాయి. తెలుగు మాట్లాడగలిగి అక్షరాలు రాని ఎనిమిదేళ్ళ బిడ్డకు, హిందీ ద్వారా తెలుగు అక్షరాలు నేర్పే అరగంట పాఠం అక్కడ రోజూ ఒక నిర్ణీత వేళకు రావాలి. దీనికి కొత్త ఉపగ్రహం అక్కరలేదు. కోటా నుంచి అసన్‌సోల్ దాకా ఎన్ని స్టేషన్లలో ఎందరు తెలుగు పిల్లలున్నారో రైల్వే ఉద్యోగుల కుటుంబ వివరాల ఆధారంగా ఒక్కసారి లెక్క తీసి, ఆ లెక్కను భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ముందు పెట్టడం మొదటి పని. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిసి అడగవలసిన పని అది.