కు.ని. ఆపరేషన్ ఒక్కటే మార్గమా?

పల్లెల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవారి ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. భీమిలి, పద్మనాభం, ఆనందపురం ప్రాంతాలూ ఇందుకు మినహాయింపు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. మగవారి ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. చాలా ఇళ్లలో నిర్ణయం పెద్దలది, కోత కోడలిది.

ఇక పిల్లలు వద్దని భార్యాభర్తలు నిశ్చయించుకుంటే ఆపరేషన్ మంచిదే. కాని పాతికేళ్లు నిండకుండానే చేయించుకున్నాక బిడ్డకేదైనా జరిగితే? గొట్టాలు తిరిగి కలపడం పెద్ద ఆపరేషన్. అది ఫలిస్తుందన్న హామీ లేదు.

కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునేవారికి వేరే మార్గాలున్నాయి. కాపర్-టి 380ఎ పదేళ్ల వరకు పనిచేస్తుంది, వద్దనుకుంటే ఎప్పుడైనా తీయించుకోవచ్చు. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేయించుకోవచ్చు. అంతర ఇంజక్షన్ మూడు నెలలకొకటి. మానిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. మాలా-ఎన్ మాత్ర రోజూ మరువకుండా వేసుకోవాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలిచ్చేవారికి, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి అది పనికిరాదు. నిరోధ్ సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవన్నీ ఉచితం.

మరి మగవారి మాటేమిటి? ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 60 లక్షలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. ఆనాటి బలవంతం మిగిల్చిన భయం నేటికీ పోలేదు. ఇప్పుడు కత్తి కోత, కుట్లు లేని పద్ధతి ఉంది. అదేరోజు ఇంటికి వెళ్లవచ్చు. మగతనం తగ్గదు. కొద్దిరోజుల విశ్రాంతి తరువాత స్టీల్‌ప్లాంటు పనైనా, పొలం పనైనా చేసుకోవచ్చు. అయితే మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకోవాలి. పొట్ట కోసే ట్యూబెక్టమీ కంటే ఇది తేలిక.

ఆపరేషన్ల టార్గెట్లను కేంద్రం 1996లోనే ఎత్తివేసింది. కనుక ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు అన్ని పద్ధతులనూ, వాటి ఇబ్బందులతో సహా, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. భర్తలు కూడా ఆరోగ్య కేంద్రం మెట్లెక్కాలి. ఆపరేషన్ బల్లపై పడుకోబోయే మనిషిని ముందుగా అడగకుండా తీసుకునే నిర్ణయం ఇంటికి మేలు చేయదు.