ఊరి బస్సు నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

గంజాం జిల్లాలోని పురుషోత్తంపూర్ ఋషికుల్య నది దగ్గరున్న చిన్న పట్టణం. అశోకుని శాసనమున్న జౌగడ, చైత్ర మంగళవారాల్లో జనం కిక్కిరిసే తారాతారిణి కొండ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే బరంపురం వెళ్లాలి. ఈ జిల్లా నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల మీద పనికి పోయారు. సూరత్‌లో పనిచేసిన మన తెలుగు కార్మికులను అడగండి, పక్క మగ్గం మీద ఉన్నవాడు గంజాం వాడేనని చెబుతారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. బరంపురంలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక అక్కడి బస్సు గొడవ మనకు పరాయిది కాదు.

గంజాం నుంచి సూరత్‌కు ప్రైవేటు బస్సు దొరుకుతుంది. పదిహేను వందల కిలోమీటర్లకు పైబడిన దారి. కాని అదే కార్మికుడు సెలవు మీద వచ్చి రాత్రి పూట బరంపురంలో దిగితే, ఊరికి చేరే ఆఖరి దూరానికి ఆటో అడిగినంత ఇచ్చుకోవాలి, లేదా తెల్లవారే దాకా స్టేషన్‌లో మూట మీద తల పెట్టుకుని పడుకోవాలి. కారణమేమిటంటే, దూరపు బస్సు లాభం, ఊరి బస్సు నష్టం అని చెబుతారు. ఈ నష్టం అన్న మాట లోపల ఏముందో మనం ఒకసారి విప్పి చూడాలి.

బస్సు నడిపేవాళ్లు రెండు లెక్కలు చూస్తారు. కిలోమీటరుకు ఎంత ఖర్చు, కిలోమీటరుకు ఎంత రాబడి. రెండోదాన్నే ఆర్టీసీలో ఈపీకే అంటారు. లెక్క కోసం ఒక పల్లె బస్సును అనుకుందాం. దారి ముప్ఫై కిలోమీటర్లు, ఖర్చు కిలోమీటరుకు 45 రూపాయలు, టికెట్టు 30 రూపాయలు. ఉదయం పట్నానికి యాభై మందితో వస్తుంది, తిరిగి పన్నెండు మందితో పోతుంది. రానూపోనూ ఖర్చు 2,700, రాబడి 1,860. నష్టం 840 రూపాయలు. ఖాతా పుస్తకం ఇంతటితో మూసేస్తారు. ఆ బస్సు దిగిన యాభై మందిలో నలభై మంది కూలికీ మిల్లుకూ వెళ్లేవారనుకోండి. రోజు కూలి 400 వేసుకున్నా ఆ బస్సు వల్ల 16,000 రూపాయల సంపాదన నిలిచింది. మిగతావారిలో ఒకడు పట్నంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. అతని టికెట్టు డబ్బు ఎక్స్‌ప్రెస్ లాభంలో పడింది, అతణ్ణి తెచ్చిన పల్లె బస్సుకు దక్కలేదు. 840 కనబడే పుస్తకంలో ఈ 16,000 కనబడదు. నష్టం నిజమే, మేము కాదనడం లేదు. అది సగం లెక్క అంటున్నాము.

మన చట్టంలోనే ఈ పేచీ ఉంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్ ప్రజలకు చాలినంత, చక్కని, పొదుపైన బస్సు సౌకర్యం కల్పించడం సంస్థ విధి అన్నది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవాలన్నది. ఈ రెండింటినీ కలిపి నడిపిన ఉపాయం ఒక్కటే: పెద్ద రోడ్డు మీద వచ్చిన లాభంతో పల్లె రోడ్డు నష్టం పూడ్చుకోవడం. 1988 మోటారు వాహనాల చట్టం వచ్చాక ప్రైవేటు పర్మిట్లు సులువయ్యాయి. లాభం ఉన్న దారుల్లోకి ప్రైవేటు వచ్చింది, నష్టపు దారులు సర్కారుకు మిగిలాయి. పూడ్చడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒరిస్సాలో జరిగింది చూడండి. బరంపురం కేంద్రంగా ఒరిస్సా రోడ్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఉండేది. 1990లో దాన్ని రాష్ట్ర రవాణా సంస్థలో కలిపేశారు. ఆ తర్వాత ఆ సంస్థే చిక్కిపోయింది, జనం ప్రైవేటు బస్సుల మీద ఆధారపడ్డారు. మధ్యప్రదేశ్‌లో 2005లో రాష్ట్ర సంస్థను మూసేయాలని నిర్ణయించారు. ఇంగ్లండులో లండన్ తప్ప మిగతా ప్రాంతాల్లో 1986 అక్టోబరులో బస్సులను పోటీకి వదిలేశారు. అక్కడ కూడా లాభం లేని పల్లె, రాత్రి సర్వీసులకు స్థానిక సంస్థలు డబ్బు కట్టవలసి వచ్చింది. అంటే దేశం ఏదైనా, పల్లె బస్సు ఖర్చును ఎవరో ఒకరు భరించాల్సిందే. ప్రభుత్వం భరించకపోతే ఆ ఖర్చు పోదు, ఆటో చార్జీగా, పోయిన షిఫ్టుగా, ఆడపిల్ల మానేసిన చదువుగా మన ఇంటికి వస్తుంది.

నష్టాలన్నీ పల్లె బస్సు తెచ్చినవే అనడం కూడా అన్యాయం. 2013 జనవరిలో కేంద్రం టోకున డీజిల్ కొనేవారికి వేరే ధర పెట్టింది. ఆర్టీసీలు సొంత ట్యాంకులు వదిలి, బస్సులను రోడ్డు పక్క బంకులకు తోలవలసి వచ్చింది. 2022లో టోకు ధర మళ్లీ పెరిగినప్పుడు అదే తంతు. ఇందులో డ్రైవరు తప్పేమిటి, కండక్టరు తప్పేమిటి? కాని నష్టం అన్న మాట వచ్చినప్పుడల్లా మొదట కోత పడేది వాళ్ల జీతాలకు, ఆ తర్వాత మన ఊరి ట్రిప్పుకు.

తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. సమ్మె మధ్యలో 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని నాటి మంత్రివర్గం తీర్మానించింది. ఆంధ్రలో 2020 జనవరి 1న కార్మికులు ప్రభుత్వోద్యోగులయ్యారు. తర్వాత తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది. ఖాళీగా పోతున్నాయన్న పల్లెవెలుగు బస్సుల్లో నిలబడడానికి చోటు లేకుండా పోయింది. అవసరం ఎప్పుడూ ఉంది, చేతిలో డబ్బే లేదని దీంతో తేలింది. అయితే ఉచిత టికెట్టు విలువను ప్రభుత్వం వేళకు చెల్లించకపోతే, జనానికి తగ్గట్టు బస్సులూ సిబ్బందీ పెంచకపోతే, ఆ భారం మళ్లీ కార్మికుడి వీపు మీదే పడుతుంది.

ఒడిశాలో 2023 అక్టోబరులో గ్రామ పంచాయతీలను బ్లాకు కేంద్రాలతో కలిపే లక్ష్మీ బస్సుల పథకం మొదలైంది. 2024లో ప్రభుత్వం మారాక దాని పేరు ముఖ్యమంత్రి బస్ సేవ అయింది. పేరు ఏదైనా, పంచాయతీకి బస్సు పంపడం సర్కారు బాధ్యత అని ఒప్పుకోవడం మంచి అడుగు. 2020 మే నెలలో సూరత్ నుంచి శ్రామిక రైళ్లు బరంపురం పక్కనున్న జగన్నాథపూర్ స్టేషన్‌కు వచ్చినప్పుడు, జిల్లా అధికారులు బస్సులు పెట్టి కార్మికులను పంచాయతీల్లోని క్వారంటైన్ కేంద్రాలకు చేర్చారు. ఆ రోజు ఈపీకే ఎంత అని ఎవరూ అడగలేదు. తలుచుకుంటే ప్రతి పంచాయతీకీ బస్సు వెళ్లగలదని మనం కళ్లారా చూశాము.

ప్రైవేటు బస్సు యజమానుల మాట కూడా వినాలి. అప్పు మీద ఒక్క బస్సు కొని నడుపుకునే చిన్న యజమాని ముందు తక్కువ చార్జీ సర్కారు బస్సు అదే వేళకు బయలుదేరితే అతను మునుగుతాడు. అతని బస్సు మీద డ్రైవరు, క్లీనరు బతుకులు ఉన్నాయి. వాళ్లూ మన సోదరులే. అందుకే సర్కారు బస్సు తిరగని వేళకు, తిరగని దారికి ముందు వెళ్లాలి. చిన్న యజమానుల బస్సులను కూడా కిలోమీటరు లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. బస్సు నిండినా నిండకున్నా అద్దె వస్తుంది గనుక, ట్రిప్పు ఎగ్గొట్టే అవసరం వారికి ఉండదు. ఎగ్గొడితే డబ్బు కోయవచ్చు. కాని తక్కువ ధరకు టెండరు పాడినవాడు ఆ తేడాను డ్రైవరు జీతంలో లాక్కోకుండా షరతు రాయాలి. 2025 వరకు అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. ఆ హద్దు కాగితం మీద మిగిలిపోకూడదు.

మేము ఖాళీ బస్సులు తిప్పమని అడగడం లేదు. అది పన్ను కట్టే పేదవాడి డబ్బు. మేము అడిగేవి ఇవి. ఏ రూటు రద్దు చేసే ముందైనా దాని లెక్కలు పంచాయతీలో బయటపెట్టాలి, ఆ బస్సు తెచ్చే ప్రయాణికులు పెద్ద బస్సుల్లో కొనే టికెట్ల వాటాతో సహా. ప్రతి ఊరికీ రోజుకు ఇన్ని ట్రిప్పులు తప్పవని ప్రభుత్వం నిర్ణయించి, వాటి నష్టాన్ని బడ్జెట్‌లో పెట్టి, ప్రతినెలా చెల్లించాలి. బస్సు వేళలు ఆఫీసు గదిలో కాక మిల్లు షిఫ్టులు, రైలు వేళలు చూసి వేయాలి. రాత్రి పది గంటలకు షిఫ్టు దిగే కార్మికుడికి తొమ్మిదిన్నరకే వెళ్లిపోయే ఆఖరి బస్సు ఉన్నా లేనట్టే. షిఫ్టుకు మనుషులు కావాలనే మిల్లు యాజమాన్యాలు కూడా ఆ ట్రిప్పు ఖర్చులో వాటా వేసుకోవాలి.

ఒక పని మన చేతిలోనే ఉంది. ప్రతి మిల్లు గేటు దగ్గర ఒక కాగితం పెట్టి, ఏ షిఫ్టు వారు ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తున్నారో, బస్సుకు ఎంత, ఆటోకు ఎంత ఇస్తున్నారో రాద్దాం. పుస్తకంలో కనబడని సగం లెక్క అదే. ఆ కాగితం పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి ఆర్టీసీ కార్మిక సోదరులను కూడా వెంటబెట్టుకుని వెళదాం. అక్కడ మాట సాగకపోతే కలెక్టరు దగ్గరికి వెళదాం.