ఫ్లై కట్టే బల్ల: మా ప్రణాళిక

అమెరికాలోని మిషిగన్‌లో ట్రౌట్ చేపల వేట ఏటా ఏప్రిల్ చివరి శనివారం మొదలవుతుంది. దానికి ముందున్న మంచు నెలల్లో ఒకచోట చేరి ఫ్లైలు కట్టాలని నిశ్చయించుకున్నవాళ్ళం మేము. చిన్న కొక్కేనికి ఈక, బొచ్చు, ఉన్నిలను దారంతో చుట్టి, నీటిపురుగులా కనిపించేట్టు చేసే ఎరే ఫ్లై. మాలో ఆసాబుల్ నది ఒడ్డున పెరిగినవాళ్ళున్నారు. చెరువుగట్ల మీద వెదురుకర్రతో, వానపాము ఎరతో గాలం వేసి, తర్వాత డెట్రాయిట్ శివార్లకు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళూ ఉన్నారు. అందరి నమ్మకం ఒక్కటే: ఈ విద్యను దాచుకోకూడదు. ఫ్లై కట్టాలంటే ముందు పురుగును చూడాలి. పురుగును చూడటం అలవాటైనవారికే నదిలో ఏం తగ్గిపోతోందో తెలుస్తుంది. అలా చూసేవాళ్ళు పెరిగితేనే నదికి రక్షణ.

ఆసాబుల్ ఒడ్డునున్న గ్రేలింగ్ ఊరికి ఆ పేరు ఒక చేప వల్ల వచ్చింది. ఒకప్పుడు ఇక్కడ కలప కోసం అడవులు నరికారు. దుంగలను నదిలో తోలితే నది అడుగు కోసుకుపోయింది, చేపలు గుడ్లు పెట్టే చోట్లు పోయాయి. పట్టినవాళ్ళు లెక్క లేకుండా పట్టారు. 1930ల నాటికి గ్రేలింగ్ చేప రాష్ట్రంలోనే లేకుండా పోయింది. ఊరికి పేరు మాత్రం మిగిలింది. ఇంకో చేపకు ఆ గతి పట్టకూడదని ఈ నియమాలు పెట్టుకుంటున్నాం.

1. బల్ల అందరిది. రుసుము లేదు. కొక్కేన్ని పట్టి ఉంచే వైస్, కత్తెర, దారపు కండెను పట్టే బాబిన్ లేనివాళ్ళకు మేమే ఇస్తాం. ఎడమచేతివాటం వాళ్ళకు వైస్ తిప్పి పెడతాం. చూపు తగ్గిన పెద్దలకు మంచి దీపం దగ్గర చోటిస్తాం. అమెరికన్ ఫ్లైల మీద 1892లో పెద్ద గ్రంథం తెచ్చిన మేరీ ఆర్విస్ మార్బరీ, వెర్మాంట్‌లో ఫ్లైలు కట్టే స్త్రీల బృందాన్ని నడిపింది. ఇది మగవాళ్ళ విద్య అనే మాటను మా బల్ల దగ్గర ఒప్పుకోం.

2. ఒక సాయంత్రం, ఒకే ఫ్లై. నేర్పేవారి చుట్టూ నలుగురైదుగురికి మించి కూర్చోరు. దూరం నుంచి చూస్తే దారం బిగువు అర్థం కాదు, చేతులు కనిపించాలి. కొత్తవాళ్ళు వూలీ బగ్గర్ అనే ఫ్లైతో మొదలుపెడతారు. కొక్కెం పెద్దది, తోకకు పెట్టే మారబూ ఈక మెత్తనిది, కట్టు కాస్త వంకరపోయినా చేప పట్టుకుంటుంది. చేయి కుదిరాక ఆడమ్స్ అనే ఫ్లై నేర్పుతాం.

3. మొదట కట్టినవారి పేరు చెబుతాం. ఆడమ్స్‌ను 1922లో మిషిగన్‌కే చెందిన లెన్ హాలడే కట్టాడు. గోధుమరంగు ఈకనూ నలుపు తెలుపు చారల ఈకనూ కలిపి చుట్టడం అతని సూత్రం. వూలీ బగ్గర్ పెన్సిల్వేనియా మనిషి రస్సెల్ బ్లెసింగ్‌ది. ఎవరి పద్ధతినైనా మార్చి కడితే, ఏం మార్చామో చెబుతాం. సొంత కల్పనగా చెప్పుకోం.

4. ఈక ఎక్కడిదో తెలియనిదే ముట్టుకోం. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి ఒక కుర్రవాడు 299 పక్షుల చర్మాలు దొంగిలించాడు. పాతకాలపు సాల్మన్ ఫ్లైలకు వాడే అరుదైన ఈకల మీది మోజే దానికి కారణం. ఆ ఫ్లైలకు ఎక్కువ గిరాకీ ఉన్న ఈకల్లో దక్షిణ భారత అడవుల బూడిదరంగు అడవికోడి మెడ ఈకలొకటి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ పక్షికి రక్షణ కల్పించింది. పెంపకం పక్షిదని రుజువు లేని ఈక మా బల్ల మీదికి రాదు. దారిలో రాలి దొరికిన వలసపక్షి ఈక కూడా అంతే, దాన్ని ఉంచుకోవడం అమెరికాలో చట్టవిరుద్ధం. రంగువేసిన నాటుకోడి ఈకతో కట్టలేని అందమేదైనా ఉంటే, దాన్ని వదులుకుంటాం.

5. పురుగుతో మొదలుపెడతాం. దారం చుట్టే ముందు ఆ పురుగు బతుకు చెప్పుకుంటాం. జూన్ చివరి రాత్రుల్లో ఆసాబుల్ మీద హెక్స్ అనే నీటిపురుగులు గుంపులుగా లేస్తాయి. అంతకుముందు నది అడుగు బురదలో బొరియ చేసుకుని పెరుగుతాయి. రెక్కలొచ్చాక వాటికి తినే నోరుండదు, జతకట్టి గుడ్లు పెట్టి చనిపోతాయి. బురద విషమైతే ఆ రాత్రి పురుగులు లేవవు, చేపకు తిండి ఉండదు. ఈ సంగతి తెలిశాకే హెక్స్ ఫ్లై కడతాం.

6. కొక్కెం మొన వెనకున్న ముల్లును నొక్కేస్తాం. అప్పుడు చేప నోరు చీలకుండా వదిలేయవచ్చు, పిల్లల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. బరువుకు సీసం వాడం, ఇత్తడి పూసలో టంగ్‌స్టన్ పూసలో వాడతాం. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్ జోలికి వెళ్ళం. వేడినీటిలో అలసిన చేపను వదిలినా బతకకపోవచ్చు.

7. కట్టినదాంట్లో వాటా పెడతాం. ఒక భాగం కొత్తవాళ్ళ పెట్టెలోకి, ఒక భాగం గాయపడ్డ సైనికులకు గాలం విద్య నేర్పేవారికి. వసంతంలో ఒక రోజు గాలాలు ఇంట్లో పెట్టి, నది ఒడ్డు శుభ్రం చేయడానికి వెళ్తాం. ట్రౌట్ నదుల కోసం దేశమంతా పనిచేసే ట్రౌట్ అన్‌లిమిటెడ్ 1959లో ఇదే ఆసాబుల్ ఒడ్డున, కొందరు గాలం ప్రియులు కలిసి కూర్చోవడంతోనే పుట్టింది. కొద్దిమందితో ఏమవుతుందనేవాళ్ళకు అదే మా జవాబు.

ఈ నియమాలు మా సొత్తు కావు. ఒక గది, ఒక బల్ల, రెండు దీపాలు, నేర్పే ఓపిక ఉన్నవారు ఒక్కరుంటే ఏ ఊళ్ళోనైనా మొదలుపెట్టవచ్చు, మా అనుమతి అక్కర్లేదు. మాతో చేరేవారిని మేం కోరేది ఒక్కటే: ఈ శీతాకాలం నేర్చుకున్న ఫ్లైని వచ్చే శీతాకాలం ఇంకొకరికి పక్కన కూర్చుని నేర్పాలి.