బరువు మోసే ఊరు, బరువంటే భయం

సుల్తానాబాద్‌లో ఏ రైస్ మిల్లు ముందైనా కాసేపు నిలబడి హమాలీని చూడండి. 40 కిలోల వడ్ల బస్తా వీపు మీద పడగానే అతను నడుం వంచడు. మోకాళ్ళు కాస్త ముడిచి, పాదం మొత్తం నేలకు ఆనించి, తొడల బలంతో లేస్తాడు. ఇవాళ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు జీతాలిచ్చి మరీ నేర్పించే పని అది. అతని కష్టానికి వ్యాయామమని పేరు పెట్టి పొగడను. రోజంతా మోసినవాడి నడుం ఏమవుతుందో మనకు తెలుసు. నా బాధ వేరు. బరువు మీద బతికే ఊళ్ళో ఉండి, ఆటకు పోయే పిల్లల్ని బరువు ముట్టనియ్యలేదు మనం.

ఏమేం చెప్పాం వాళ్ళకు? బరువులెత్తితే పొడుగు పెరగరన్నాం. ఒళ్ళు బిగుసుకుపోయి ఉరకలేరన్నాం. ఆడపిల్లల దాకా అయితే ఆ మాటే రానియ్యలేదు. పీఈటీ సార్లు చెప్పారు, తల్లిదండ్రులు తలూపారు, పెద్దమనుషులం వంత పాడాం. రుజువేదని ఒక్కరమూ అడగలేదు. తాతల కాలంలో తాలీంలుండేవి, దండీలు, బస్కీలు తీసేవాళ్ళు. వాటినీ పోగొట్టుకున్నాం.

ఈ భయం లోకమంతటా ఉండేది. అమెరికాలో చేత్తో పట్టి ఆడే ఫుట్‌బాల్‌లోనూ కండ పెరిగితే వేగం పోతుందనే నమ్మారు. 1963లో శాన్ డియెగో చార్జర్స్ ఆల్విన్ రాయ్ అనే శిక్షకుణ్ణి బరువుల కోసమే పెట్టుకుంది, ఆ ఏడే తన లీగు గెలిచింది. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం బాయిడ్ ఎప్లీని తీసుకున్నప్పుడు, ఒక్క ఆటగాడు నెమ్మదించినా ఉద్యోగం ఊడుతుందని ముందే హెచ్చరించారు. ఊడలేదు. కాలితో ఆడే మన ఫుట్‌బాల్ ఇంకా ఆలస్యంగా కళ్ళు తెరిచింది. నార్వే క్లబ్బు రోజెన్‌బోర్గ్‌లో 17 మందిని పరీక్షిస్తే, ఎక్కువ బరువుతో బస్కీ తీయగలిగినవాళ్ళే పది మీటర్లు త్వరగా ఉరికారు, ఎత్తుగా ఎగిరారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. పొడుగు మాటకొస్తే, తెలిసినవాళ్ళ దగ్గర సరిగ్గా చేసే బరువుల వల్ల పిల్లల ఎదుగుదల ఆగదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎన్నడో చెప్పింది.

చార్జర్స్ గెలిచిన ఆ 1963లోనే మనం ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను పోగొట్టుకున్నాం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చినవాడు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానంలో నిలిపినవాడు. అలవాటు లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టి మరీ పిల్లల్ని తయారుచేశాడు. అంటే, చేసి చూసి నమ్మే మనిషి. మనం ఆయన పతకాలు లెక్కపెట్టుకుని, ఆ గుణాన్ని వదిలేశాం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం గెలిస్తే చప్పట్లు కొట్టాం. మన బడిలో ఏ ఆడపిల్ల చేతికీ ఇనుప రాడ్డు ఇవ్వలేదు.

ఆఖరికి ఒప్పుకున్నాం, అదీ తప్పు దారిలో. సినిమా హీరోల సిక్స్ ప్యాక్ చూసి, టీవీలో ప్రొ కబడ్డీ చూసి జిమ్ములకు డబ్బు కట్టాం. అక్కడ పోరగాళ్ళు అద్దం ముందు చేతులు, ఛాతీ పెంచుతున్నారు, కాళ్ళ సంగతి పట్టదు. డబ్బాల్లోని పొడుల్లో ఏమున్నాయో ఎవరూ అడగరు. ఆ చార్జర్స్ శిబిరంలో బరువులతో పాటే డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలూ భోజనాల బల్ల మీదికొచ్చాయి. ఆ చరిత్ర మన పిల్లలకు చెప్పాల్సింది మనమే, చెప్పలేదు.

పైసా ఖర్చు లేనిదీ నేర్పలేదు. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఒకరు మడమలు అదిమి పట్టుకుంటే, నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. నార్డిక్ అంటారు దాన్ని. క్రమం తప్పక చేసే జట్లలో తొడ వెనక కండరం పట్టేయడం సగం దాకా తగ్గిందని పరిశోధనలున్నాయి. మనం మాత్రం తొడ పట్టిన పిల్లాడికి జండూబామ్ రాసి మళ్ళీ దించాం. మోకాలు పోయిన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి, ఆట అచ్చిరాలేదన్నాం.

మిల్లుల యజమానులకు, పూర్వ విద్యార్థులకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఒక్కటే విన్నపం. వచ్చే వేసవి శిబిరం లోపు హైస్కూలుకు రెండు రాడ్లు, కొన్ని ప్లేట్లు, పద్ధతి తెలిసిన ఒక మనిషిని ఏర్పాటు చేద్దాం. మొదటి గంట ఆడపిల్లలకిద్దాం.